ఏడాదికొక్కరోజు మూసే గేటు

క్లూన్‌బారా, లైట్రిమ్ జిల్లా
జనవరి, 1984

కన్సెప్టాకు,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన సిల్కు స్కార్ఫు అందింది. చాలా బావుంది. కోళ్లకి మేత వేసేటప్పుడు కట్టుకోవడానికి మనసొప్పలేదు, నేను వేరే ఎక్కడికీ వెళ్లను, అందుకని బీరువాలో పెట్టాను. నేను పంపిన కేకు మీ ఆయన ఫింటన్ తిన్నారని రాశావు. నువ్వు తిన్నావో లేదో రాయలేదు.

ఇది ఫోనులో చెప్పవలసిన సంగతే. కానీ మా ఫోను వసారాలో ఉంది, మీ అన్నయ్య కుర్చీ వసారా తలుపును ఆనుకుని ఉంది. పైగా పోస్టాఫీసులో లైన్లు కలిపే బ్రైడీ, మనం మాట్లాడేదాంట్లో ఏదైనా అర్థం కాకపోతే మధ్యలో ఆపి అడుగుతుంది.

మీ అన్నయ్యకి నవంబరులో గుండెపోటు వచ్చింది. నీకు చెప్పొద్దన్నాడు. మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదు, గుండెపోటు వంక పెట్టుకుని మొదలుపెట్టడం ఆయనకి నామోషీ. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. రోజూ నడవాలని, మెల్లగా నడవాలని, ఎత్తు మాత్రం ఎక్కకూడదని డాక్టరు చెప్పాడు. మన ఊరు నీకు తెలుసు. ఇంటి నుంచి చర్చికి రోడ్డు మీద వెళ్లాలంటే కొండ ఎక్కి దిగాలి. అటు బజారుకి వెళ్లాలన్నా అంతే. సమంగా ఉన్న నేల ఊరు మొత్తం మీద ఒక్కటే: మన సందు చివరి గేటు దగ్గర మొదలై, నీ తోపులో బీచ్ అనే ఆ పెద్ద చెట్ల కిందుగా, సరస్సు ఒడ్డునే పోయి, చర్చి వెనక గోడ దగ్గర తేలే దారి. ఆ దారినే నడుస్తున్నాడు. మొదట్లో గేటు దాకా వెళ్లి వచ్చేవాడు. ఇప్పుడు పడవల పాక దాకా వెళ్తున్నాడు. తిండి కంటే ఆ నడకే ఆయన్ని నిలబెట్టిందని నాకు తెలుస్తూనే ఉంది.

మొన్న మాంసం కొట్టులో లావన్ నాకు పందిమాంసం తూస్తూ, "అయితే డింప్నా, మీ ఆడపడుచు తోపుని పళ్ల డాక్టరుకి అమ్మేస్తోందటగా? ఈ ఊళ్లో పళ్లెవరికున్నాయని వస్తున్నాడు పాపం?" అన్నాడు. నేను తెలిసినట్టే నవ్వి ఇంటికొచ్చాను.

నిజమేనా? కొన్నవాడు దారి మూసేస్తే మీ అన్నయ్య ఎక్కడ నడవాలి? అడుగుతున్నది నేను, ఆయన కాదు. ఈ ఉత్తరం సంగతి ఆయనకి తెలియదు.

డింప్నా


రాత్‌గార్, డబ్లిన్
ఫిబ్రవరి

డింప్నా వదినకు,

అన్నయ్య గుండె గురించి చదివాను. వాడు నీకు పెళ్లయ్యాక తెలుసు, నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. గడ్డి కోసే రోజులొస్తే చాలు, వాడికి గుండె పట్టేసేది. మంచం మీద వెల్లకిలా పడి, "కన్సెప్టా, నాకు చీకట్లు కమ్ముతున్నాయే" అనేవాడు. అమ్మ పాలల్లో కోడిగుడ్డు గిలకొట్టి ఇచ్చేది. వాడి వాటా గడ్డి నేను లాగేదాన్ని. ఆఖరి బండి ఇంటికి చేరగానే లేచి ఫుట్‌బాలుకి వెళ్లేవాడు. డాక్టర్లు మంచివాళ్లు, పెద్దమనిషి మాట నమ్ముతారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు, ఏమీ అనుకోకు.

తోపు సంగతి నిజమే. టర్లీ గారు మాకు బాగా దగ్గరివారు. డబ్లిన్‌లో సగం మంది పెద్దవాళ్ల నోళ్లు ఆయన చేతుల మీదుగా వెళ్లినవే. సరస్సు వైపు గోడంతా అద్దంతో ఇల్లు కట్టుకుంటారట. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ హంసల్ని చూడాలని ఆయన కోరిక. హంసలకి బదులు లావన్ కనిపిస్తే బావుండదని దారి మూసేస్తామంటున్నారు. అందులో తప్పేముంది? నాన్న తోపు నాకిచ్చాడు, పొలమూ ఇల్లూ మాలకీ అన్నయ్యకి ఇచ్చాడు. వాడి ఆవులు ఎక్కడ తిరగాలో నేను చెప్పానా?

ఒక్క సంగతి కావాలి. టర్లీ గారి లాయరు అడిగాడు. నాన్న ఏటా గుడ్ ఫ్రైడేనాడు గేటుకి తాడు కట్టి, పక్కన కూర్చుని, వచ్చినవాళ్లని వెనక్కి పంపేవాడు గుర్తుందిగా? ఏడాదికొక్కరోజైనా అలా మూస్తేనే దారి మన దయ మీద నడుస్తున్నట్టు లెక్క. ఇరవై ఏళ్లపాటు ఎవరూ ఆపకపోతే అది ఊరందరి హక్కు అయిపోతుంది, ఇక ఎంత పెద్ద పళ్ల డాక్టరు కొన్నా మూయలేడు. నాన్న తర్వాత ఆ పని మీరు చేస్తూనే ఉన్నారనుకుంటాను. అవునని ఒక్క మాట రాసి పంపు.

ఇంకా పడవల పాక కప్పు ఎలా ఉందో, మొన్నటి గాలికి బీచ్ చెట్లేమైనా పడ్డాయో, ఒడ్డున బాతులింకా గూళ్లు పెడుతున్నాయో రాయి. టర్లీ గారి భార్య అడిగింది.

కన్సెప్టా

తా.క. కేకు తిన్నాను.


క్లూన్‌బారా
మార్చి మొదటివారం

కన్సెప్టాకు,

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను.

పడవల పాక కప్పు సగం ఎగిరిపోయింది. మిగతా సగం ఎగరడానికి సిద్ధంగా ఉంది. బీచ్ చెట్లలో ఒకటి పడింది, దారికి అడ్డంగా కాదు, నీటి వైపు. దాని మీద ఇప్పుడు నీటికాకులు బారులు తీరి రెక్కలు ఆరేసుకుంటున్నాయి, చర్చి ముందు బెంచీల్లో కూర్చునే పెద్దమనుషుల్లాగా. బాతులు గూళ్లు పెడుతున్నాయి. పోయినేడాది రెల్లులో పెట్టిన చోటే పెట్టాయి. టర్లీ గారి భార్యతో చెప్పు, ఆ బాతులు తెల్లవారుజామున మొదలుపెడితే ఆపవు. అద్దం గోడ వాటి నోరు మూయించలేదు.

మన దారి ఇప్పుడు అచ్చులో కూడా ఎక్కింది. పర్యాటకుల కోసం ఎవరో ఒక కరపత్రం వేశారు. సరస్సు పక్కన, తోపుల్లో తేలికగా నడవదగ్గ దారులట, అందులో మనది రెండోది. "వృద్ధులకూ పసిపిల్లలకూ అనుకూలం, ఆయాసం ఉండదు" అని రాశారు. దాన్ని చూపిస్తే మీ అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఇది రాసినవాడు నాకోసం ఒకసారి నడిచి పెట్టరాదూ" అన్నాడు. పోయిన శనివారం ఇద్దరు జర్మన్లు ఆ కరపత్రం పట్టుకుని వచ్చారు. మోకాళ్ల దాకా బూట్లు, వీపున మూటలు, చేతిలో దిక్సూచి. కొండలెక్కడానికి వచ్చినవాళ్లలా తయారై అరగంటలో చర్చి దగ్గర తేలి, "ఇంతేనా?" అని నన్నడిగారు. "ఇంతే. కావాలంటే మళ్లీ వెనక్కి నడవండి" అన్నాను. వెనక్కి నడిచారు, క్రమశిక్షణ గల మనుషులు.

ఇప్పుడు తోపులో ప్రిమ్‌రోజ్ పూలు మొదలయ్యాయి. అడవి వెల్లుల్లి వాసన గేటు దాకా వస్తోంది. రెండు రోజుల కిందట మీ అన్నయ్య మొదటిసారిగా చర్చి దాకా నడిచాడు. నేను కారులో చర్చి దగ్గరికి వెళ్లి ఎదురుచూశాను. చెట్లలోంచి బయటికి రావడం చూసి, చేతులు ఖాళీగా ఉంచుకోలేక కారు అద్దాలు తుడిచాను, అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

నీకు గడ్డి మోసిన కష్టం ఇన్నాళ్లయినా గుర్తుండటం సహజమే. ఈసారి ఆయనకి పాలల్లో కోడిగుడ్డు కాదు, నాలుక కింద మాత్రలు ఇస్తున్నారు. అంతే తేడా.

ఒక సంగతి నేను అడగనా? ఫింటన్ గారు ఈమధ్య గోల్ఫ్ మొదలుపెట్టారా?

డింప్నా


రాత్‌గార్
మార్చి చివర

వదినా,

బాతుల గురించి ఒక పేరా, నీటికాకుల గురించి ఒక పేరా, జర్మన్ల బూట్ల గురించి ఒక పేరా. గేటు గురించి ఒక్క ముక్క లేదు. నీ ఇంట్లో చక్కెర డబ్బా మీద "చక్కెర" అని చీటీ ఉంటుంది, ఉప్పు డబ్బా మీద "ఉప్పు" అని ఉంటుంది. నువ్వు ఏదైనా మర్చిపోయావంటే నేను నమ్మను.

అవును, గోల్ఫే. నీకు ఎవరు చెప్పారో అడగను, బ్రైడీ అయి ఉంటుంది. క్లబ్బులో చేరడానికి ఫింటన్ పేరు మూడుసార్లు వెళ్లింది, మూడుసార్లూ తిరిగొచ్చింది. మా వీధిలో పోస్టుమాన్ తప్ప అందరూ అందులో సభ్యులే. టర్లీ గారు ఆ కమిటీలో ఉన్నారు. తోపు ఆయనకి ఇస్తే ఫింటన్ పేరు ఆయనే ఎత్తుతారు. నవ్వుకో. ఆదివారం మధ్యాహ్నం వీధిలోని మగాళ్లంతా గోల్ఫ్ సంచులు వేసుకుని వెళ్తుంటే, మా ఆయన కిటికీ దగ్గర నిలబడి వాతావరణం గురించి మాట్లాడటం నువ్వు చూడలేదు.

నేనే వస్తున్నాను. గుడ్ ఫ్రైడేనాడు నాన్న కూర్చున్న చోటే కూర్చుని గేటు మూస్తాను. టర్లీ గారూ వస్తున్నారు, కళ్లారా చూస్తారు. చూసి లాయరుకి చెప్తారు. నీ సాయం అక్కర్లేదు.

కన్సెప్టా


క్లూన్‌బారా
ఏప్రిల్

కన్సెప్టాకు,

రా. నీ తోపు, నీ గేటు. తాడు మాత్రం నువ్వే తెచ్చుకో, మా తాడు దూడకి కట్టి ఉంది.

పై గదిలో పక్క దులిపి ఎండలో వేశాను. ఉంటావో వెళ్లిపోతావో నీ ఇష్టం. ఆరోజు ఉపవాసం కాబట్టి భోజనంలో ఉడికించిన చేప, బంగాళాదుంపలు తప్ప ఏమీ ఉండవు. టర్లీ గారికి ముందే చెప్పు, పళ్లకి పని తక్కువ.

నేను గేటు దగ్గరికి రాను. మూడింటి ప్రార్థన అయ్యాక ఈస్టరుకి చర్చి ఇత్తడి సామాను తోమే వంతు నాది. మీ అన్నయ్యని కారులో చర్చికి తీసుకెళ్తాను. తిరిగి వచ్చేటప్పుడు తోపు దారినే నడిచి వస్తానంటున్నాడు. ఈ ఒక్కరోజూ కారులో రమ్మన్నాను. "డాక్టరు ఒక్కరోజు మానమనలేదుగా" అన్నాడు. నేను ఆయనతో వాదించను, డాక్టరు అది కూడా వద్దన్నాడు. గేటు దగ్గర ఆయన నీకు ఎదురుపడితే ఏమంటావో ఇప్పుడే ఆలోచించుకుని రా.

డింప్నా


రాత్‌గార్
ఈస్టరు తర్వాతి మంగళవారం

వదినా,

నీ ఇంట్లోకి రాకుండా వెళ్లిపోయినందుకు కోపంగా ఉండి ఉంటావు. చెప్తాను. మొత్తం చెప్తాను, నువ్వు అక్కడ లేవు కాబట్టి. ఉన్నవాళ్లు ఈపాటికి నీకు పది రకాలుగా చెప్పి ఉంటారు, పదీ నన్ను వెక్కిరించడానికే.

ఒంటిగంటకే గేటుకి తాడు కట్టాను. కొత్త నైలాను తాడు, నీలం రంగుది. టర్లీ గారు తన కారులోంచి ఒక మడత కుర్చీ తీసి ఇచ్చారు. సన్నగా జల్లు పడుతోంది. ఆయన కారు పక్కన గొడుగేసుకుని నిలబడ్డారు. మొదటి అరగంట ఒక్క మనిషి రాలేదు. ఆ తర్వాత రావడం మొదలుపెట్టారు.

నేను మర్చిపోయిన సంగతేమిటంటే, గుడ్ ఫ్రైడేనాడు పబ్బులు మూసేస్తారు. దేశం మొత్తంలో ఎవరికీ ఏ పనీ ఉండదు. వెనక్కి పంపించుకోవడం కోసమే ఊరు ఊరంతా మంచి కోట్లు వేసుకుని వచ్చింది. వరసలో నిలబడ్డారు! నాంగిల్ అవ్వ అందరికంటే ముందు, చేతికర్ర పట్టుకుని.

"దారి మూసేశామవ్వా" అన్నాను.

"మూసేశావా తల్లీ! చల్లగా ఉండు!" అని నా చెయ్యి పట్టుకుంది, కళ్లు తుడుచుకుంటూ. "ఎన్నేళ్లయిందమ్మా మమ్మల్ని ఎవరైనా వెనక్కి పంపి! మీ నాన్న పోయాక ఒక్కళ్లు ఆపిన పాపాన పోలేదు. రాత్రనక పగలనక ఎవరు పడితే వాళ్లు తిరగడమే. మీ ఇంట్లోవాళ్లకి మేమంటే లెక్కలేదేమో అనుకున్నాం."

టర్లీ గారు గొడుగు కింద నుంచి, "ఆవిడేమంటోంది?" అన్నారు.

"మీ ఆరోగ్యం అడుగుతోంది" అన్నాను.

తర్వాత లావన్. "నన్ను కాస్త గట్టిగా ఆపు కన్సెప్టా. మీ నాన్నయితే చెయ్యి అడ్డం పెట్టేవాడు."

"వెనక్కి వెళ్లు లావన్."

"అదీ! ఇప్పుడు బావుంది. నీ మొహంలో మీ నాన్న పోలిక ఇప్పుడొచ్చింది." టర్లీ గారి వైపు తిరిగి టోపీ తీశాడు. "అద్దం గోడ పెడుతున్నారటగా సార్. మంచిది. పోయేటప్పుడు మేం చెయ్యి ఊపుతాం."

ఊరంతా అలా వచ్చి, మర్యాదగా ఆగి, నాకు నమస్కారం పెట్టి వెనక్కి తిరిగి, కొండ రోడ్డు పట్టి చర్చికి పోయారు. రెండున్నరకల్లా గేటు దగ్గర ఎవరూ లేరు. టర్లీ గారి మొహం వెలిగిపోయింది. "ఎంత మాట వినే జనం!" అన్నారు. ఫింటన్ క్లబ్బు గది గుమ్మంలో అడుగు పెట్టడం నాకు కనిపించింది.

నాలుగింటికి తోపు లోపల మాటలు వినిపించాయి.

చెట్ల మధ్య నుంచి ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. నాంగిల్ అవ్వ, లావన్, బ్రైడీ, చర్చికి వెళ్లినవాళ్లంతా. లోపలి వైపు నుంచి వచ్చి తాడు దగ్గర ఆగారు.

"విప్పు తల్లీ, ఇంటికెళ్లాలి" అంది అవ్వ.

టర్లీ గారు నా పక్కకి వచ్చారు. "మీరు వాళ్లని వెనక్కి పంపేశారుగా?"

"పంపేశాను."

"మరి వీళ్లెవరు?"

"వాళ్లే."

"అటువైపు గేటు లేదా?"

"అటువైపు చర్చి ఉంది సార్" అన్నాడు లావన్. "దేవుడి దగ్గర్నుంచి వచ్చేవాళ్లని ఎవరు ఆపుతారు? ఈవిడ నాన్న కూడా ఇటే ఆపేవాడు, అటు నుంచి వస్తే తాడు విప్పి 'వానెలా ఉందిరా' అని అడిగేవాడు. పద్ధతంటే పద్ధతే."

"ప్రతి ఏడాదీనా?"

"ఆయన బతికున్నన్నాళ్లూ. తర్వాత ఎవరూ ఆపలేదు సార్. ఇరవై ఏళ్లు దాటి ఉండదూ?" అని వెనక్కి తిరిగాడు. అందరూ ఒక్కసారి తలూపారు, సాయం చేస్తున్నామన్న ఉత్సాహంతో. బ్రైడీ అయితే, "కావాలంటే మేమంతా మీ లాయరుకి చెప్తాం సార్" అంది.

వదినా, సాక్షుల్ని నేనే పిలిపించుకున్నాను. నేనే వరసలో నిలబెట్టాను. నాన్న గేటు మూసింది దారి తనదని చెప్పడానికని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ మనిషికి ఒకరోజు ఊరందరితో మాట్లాడటానికి వంక కావలసి వచ్చిందేమో, ఇంక నేనేం చెప్పగలను!

తాడు విప్పాను. ఒక్కొక్కరూ "థాంక్యూ కన్సెప్టా" అంటూ బయటికి వెళ్లారు. అందరూ వెళ్లాక తాడు మళ్లీ కట్టాను. ఎందుకు కట్టానో నాకే తెలియదు. కోపం. రెండు ముడులు, బలం కొద్దీ బిగించాను.

అప్పుడొచ్చాడు. ఒక్కడే. మెల్లగా, చెట్టుకీ చెట్టుకీ మధ్య ఆగుతూ. తాడు దగ్గర నిలబడి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"తాడు విప్పు" అన్నాడు.

"ఇన్నేళ్లకి నాతో మాట్లాడే మొదటి మాట అదా?"

"ఇంకో మాట తర్వాత చెప్తా. ముందు విప్పు."

"నాటకాలు కట్టిపెట్టన్నయ్యా" అన్నాను. "ఇక్కడ కోసే గడ్డి లేదు."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అప్పుడు వాడి పెదాలు చూశాను. పలక రంగులో ఉన్నాయి. గడ్డి కోతలప్పుడు ఎన్నిసార్లు పడుకున్నా వాడి పెదాలు ఎర్రగానే ఉండేవి, నేను చూసేదాన్ని.

ముడి రాలేదు. తడిసి బిగిసిపోయింది, నా వేళ్లు చలికి కొయ్యబారాయి. దేశంలో పేరున్న పళ్ల డాక్టరు పక్కన గొడుగేసుకుని చూస్తుండగా, బురదలో మోకాళ్ల మీద కూర్చుని పళ్లతో ముడి లాగాను. వచ్చింది. ఒక పన్ను మీద బంగారు తొడుగు పోయింది, ఆయన వేసినదే. అన్నయ్యని మడత కుర్చీలో కూర్చోబెట్టాను. కోటు జేబులోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను, నాడి చూడటానికి. నాడి చూడటం నాకు రాదు.

టర్లీ గారు కాసేపు చూసి, "ఇలాంటివి ఇక్కడ తరచుగా జరుగుతుంటాయా?" అన్నారు.

"ఏటా గడ్డి కోతలకి" అన్నాను.

అప్పుడు నవ్వాడు అన్నయ్య. ఈసారి వచ్చింది. "నీ వాటా ఎప్పుడూ ఎక్కువేనే" అన్నాడు. అది ఆ రెండో మాట.

ఊపిరి కుదుటపడ్డాక టర్లీ గారి కారులోనే ఇంటి దగ్గర దింపాం. వాడి బూట్ల బురద సీటు మీద పడింది. వాకిట్లో దిగి, "డింప్నా వచ్చేసరికి టీకి కెటిల్ పెట్టాలి" అన్నాడు. అది నన్ను రమ్మనడమో కాదో నేను తేల్చుకునేలోపు టర్లీ గారు కారు తిప్పేశారు. దారి పొడుగునా ఆయన ఒక్కటే మాట అన్నారు, మల్లింగార్ ఊరు దాటాక: వేరే సరస్సు చూసుకుంటానని.

నువ్వు నాకు జనవరిలోనే నిజం రాశావు. నేను నమ్మలేదు. ఎన్నిచోట్ల ఆగుతాడు వదినా? రోజూ ఆ దారిలో?

కన్సెప్టా


క్లూన్‌బారా
మే

కన్సెప్టాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఒక రోజు ఆగి, ఇప్పుడు రాస్తున్నాను. ముందే రాసి ఉంటే పోస్టులో వేయదగ్గ ఉత్తరం అయ్యేది కాదు.

నేను ఇత్తడి దీపస్తంభాలు తోమి ఇంటికొచ్చేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు, కెటిల్‌లో నీళ్లన్నీ ఆవిరైపోయి అడుగు మాడిపోయి ఉంది, బల్ల మీద రెండు కప్పులు పెట్టి ఉన్నాయి. నాకు ఒకటి, ఆయనకి ఒకటి అనుకున్నాను. కానీ ఆయన తన పెద్ద మగ్గులో తప్ప టీ తాగడు, అది పొయ్యి పక్కనే ఉంది. కాబట్టి నువ్వు తేల్చుకోలేకపోయిన ప్రశ్నకి జవాబు అది. ఆ కెటిల్ బాగుపడదు, కొత్తది కొన్నాను.

మర్నాడు డాక్టరు వచ్చాడు. చలిలో నిలబెట్టినందుకు నన్ను తిట్టాడు. నేను నీ పేరు చెప్పలేదు, నీమీద జాలితో కాదు, డాక్టరు ఆ కథ మొత్తం వింటే బ్రైడీ దాకా పోనక్కర్లేకుండానే జిల్లా అంతా పాకుతుందని. మూడు రోజులు మంచం మీద ఉంచాడు. ఆ మూడు రోజులూ నీమీద నాకు ఉన్న కోపం ఇక్కడ రాయను. నీకు తెలియాలి కాబట్టి ఉందని మాత్రం రాస్తున్నాను.

గేటు సంగతి అడిగావు. మీ నాన్న చనిపోయిన ఏడాది గుడ్ ఫ్రైడేనాడు మీ అన్నయ్య తాడు తీసుకుని వెళ్లాడు. గంటసేపటికి తిరిగొచ్చాడు, తాడు అలాగే భుజాన ఉంది. "తోపు దానిది. మూయాలనుకుంటే అది వస్తుంది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి గుడ్ ఫ్రైడేకీ గేటు దాకా వెళ్లి చూసి వచ్చేవాడు, నువ్వొచ్చావేమోనని. నీకు అవునని రాస్తే అబద్ధం. కాదని రాస్తే మీ ఆయన గోల్ఫ్ పోతుంది, ఆ పాపం నాకెందుకు? అందుకే బాతుల గురించి రాశాను. మళ్లీ అడిగినా బాతుల గురించే రాస్తాను.

ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాడు. మూడుచోట్ల ఆగుతాడు. మొదటిది గేటు దాటగానే, ఊపిరి కోసం అని ఒప్పుకోడు, గొళ్లెం సరిచేస్తున్నట్టు నటిస్తాడు. రెండోది పడవల పాక దగ్గర, అక్కడ మెట్టు ఉంది కాబట్టి కూర్చుంటాడు. మూడోది బీచ్ చెట్లు దట్టంగా ఉన్న మలుపులో. అది అన్నిటికంటే కష్టం. అప్పటికి బాగా అలిసిపోతాడు, కూర్చోడానికి ఏమీ ఉండదు. చెట్టుకి ఆనుకుని నిలబడి, సరస్సు చూస్తున్నట్టు మొహం పెడతాడు. కరపత్రం పట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఆయన్ని చూసి ఆగి, అక్కడేదో చూడవలసింది ఉందనుకుని చూస్తున్నారు. ఇప్పుడు అక్కడ బ్లూబెల్ పూలు నేలంతా పరుచుకున్నాయి కాబట్టి వాళ్లకి ఏదో ఒకటి దొరుకుతోంది. జూన్ వస్తే ఏం చూపించాలో ఆలోచిస్తున్నాడు.

ఫింటన్ గారి క్లబ్బు సంగతి ఏమైంది?

డింప్నా


రాత్‌గార్
జూన్

వదినా,

క్లబ్బువాళ్లు నాలుగోసారి కూడా తిప్పి పంపారు. టర్లీ ఆరోజు కమిటీకి వెళ్లనేలేదట, ఎవరిదో దవడ వాచిందట. ఫింటన్ రెండు రోజులు కిటికీ పరదా కూడా తీయలేదు. మూడోరోజు ఒక కుక్కని తెచ్చాడు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం గోల్ఫ్ సంచులవాళ్లకి ఎదురుగా కుక్కని నడిపించుకుంటూ వెళ్తున్నాడు. కుక్క వాళ్ల బూట్లు కొరుకుతుంది. ఇంత సంతోషంగా ఆయన్ని నేను చూసి చాలా కాలమైంది.

తోపు అమ్మడం లేదు. దీన్ని మంచితనం అనుకోకు. ఊరందరికీ హక్కున్న దారి మధ్యలో ఇల్లు కట్టుకునే తెలివితక్కువవాడు దొరకలేదు, అంతే. దొరికితే అప్పుడు చూస్తాను.

మా అన్నయ్య నా తోపులో చెట్టుకి ఆనుకుని రొప్పుతుంటే జర్మన్లు చుట్టూ నిలబడి చూడటం నాకు చిన్నతనంగా ఉంది. ఒక బెంచీ పంపుతున్నాను. ఓక్ చెక్కది, బరువు. వచ్చే బుధవారం లారీలో వస్తుంది. లావన్‌ని, ఇంకో ఇద్దరిని పిలిచి ఆ మలుపులో వేయించు. మాలకీని చెయ్యి వేయనివ్వకు. గడ్డి కోతలప్పుడు తప్పించుకున్నవాడు ఇప్పుడు ముందుకొచ్చి మొయ్యబోతాడు, వాడి బుద్ధి నాకు తెలుసు.

ఆగస్టులో వస్తాను. పై గదిలో ఉంటాను. ఈసారి కెటిల్ నువ్వే పెట్టు.

బెంచీ చేసినవాడు వెనక చెక్కకి ఒక ఇత్తడి పలక బిగించాడు, అందరూ బిగించుకుంటారని. పేరేం చెక్కాలని అడిగాడు. ఏమీ వద్దన్నాను. అలాంటివాటి మీద చచ్చినవాళ్ల పేర్లే చెక్కిస్తారు. అది ఖాళీగానే వస్తోంది. చెక్కించడానికి నాకు తొందరేం లేదని అన్నయ్యతో చెప్పు.

కన్సెప్టా